ఒకవైపే తిరిగే చక్రం, జీవితకాలపు హామీ

ఇంజన్ పక్కన, గొట్టాలకీ తీగలకీ మధ్య, చెయ్యి సగమే దూరే చోట ఒక బోల్టు ఉంటుంది. దాదాపు ప్రతి బండిలోనూ ఉంటుంది. దాని తలకి పానా తగిలించడం పెద్ద కష్టం కాదు, తగిలించాక తిప్పడానికే చోటు దొరకదు. కాస్త తిప్పగానే పిడి పోయి ఏ గొట్టానికో కొట్టుకుంటుంది. తీసి, వెనక్కి తెచ్చి, చూపు ఆనని చోట వేళ్లతో తడిమి మళ్లీ తలకి వేసి, మళ్లీ కాస్త తిప్పాలి. నిమిషంలో అయ్యే పని అరగంట పడుతుంది.

ఈ కష్టం వెనక ఉన్నది తేలికైన జ్యామితి. బోల్టు తలకి ఆరు మూలలు. కాబట్టి ప్రతి 60 డిగ్రీలకీ అది మళ్లీ మొదటి రూపానికే వస్తుంది. ఆరు మూలల రింగు పానాని 60 డిగ్రీలు తిప్పితే గానీ, తీసి తర్వాతి మూలకి వేయలేం. లోపల పన్నెండు మూలలున్న రింగు పానాకి 30 డిగ్రీలు సరిపోతాయి. నోరు తెరిచి ఉండే పానాలో ఆ నోటిని పిడికి 15 డిగ్రీలు ఓరగా పెట్టడానికి కారణం కూడా ఇదే. ఒకసారి ఇటువైపు, ఒకసారి తిరగేసి అటువైపు వేస్తే 30 డిగ్రీల సందులోనే పని నడుస్తుంది. పిడి పొడవు 15 సెంటీమీటర్లనుకుంటే, 30 డిగ్రీలంటే దాని చివర దాదాపు 8 సెంటీమీటర్ల కదలిక. ఇరుకు ఇంజన్లలో అంత చోటు ఉండదు. అదే రింగులో ఒకవైపే పట్టే పళ్ల చక్రం ఉండే రాచెట్ పానా, 72 పళ్లది అయితే 5 డిగ్రీలకే తర్వాతి పన్ను అందుకుంటుంది. చెయ్యి 1.3 సెంటీమీటర్లు కదిలితే చాలు, అదీ పానాని బోల్టు మీంచి తీయకుండానే.

విజయవాడ ఆటోనగర్‌లోనైనా సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనైనా ఇలాంటి పానా అడిగితే దుకాణదారుడు మన ముందు పెట్టే పెట్టెల మీద సాధారణంగా మూడు సంగతులు పెద్దక్షరాల్లో ఉంటాయి. పళ్ల సంఖ్య, ఉక్కు పేరు, ‘లైఫ్‌టైమ్ వారంటీ’. ధరలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. అచ్చు ఒకేలా కనిపించే రెండు సెట్లలో ఒకటి రెండోదానికి ఐదింతలు కూడా పలుకుతుంది. ఆ మూడు సంగతుల్లో దేన్ని ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే లోపల జరిగేదేమిటో చూడాలి.

రాచెట్ లోపల ఉండేవి మూడే వస్తువులు. ఒక పళ్ల చక్రం, ఆ పళ్లలో ఇరుక్కునే చిన్న ఉక్కు ముక్క, ఆ ముక్కని చక్రం మీదికి నొక్కి ఉంచే స్ప్రింగు. ఆ ముక్కని ఇంజనీర్లు పాల్ అంటారు. పిడిని ఒకవైపు తిప్పితే పాల్ పంటికి అడ్డంగా ఆని చక్రాన్ని తనతో తిప్పుకుపోతుంది. రెండో వైపు తిప్పితే పంటి ఏటవాలు మీద జారి, పైకెక్కి, టిక్కుమని తర్వాతి సందులో పడుతుంది. తొక్కడం ఆపాక కూడా సైకిల్ వెనక చక్రం టిక్ టిక్ మంటూ తిరగడం ఫ్రీవీల్‌లో ఉన్న ఈ ఏర్పాటు వల్లే. మగ్గం మీద నేసిన బట్టని చుట్టుకునే కడ్డీ వెనక్కి జారి నూలు బిగువు సడలకుండా పట్టి ఉంచేది కూడా పళ్ల చక్రమే.

ఆ టిక్కుమనే శబ్దానికి భౌతికశాస్త్రంలో ఊహించనంత ప్రాముఖ్యం ఉంది. 1960ల మొదట్లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రిచర్డ్ ఫైన్‌మన్ విద్యార్థులకి చెప్పిన పాఠాలు మూడు సంపుటాలుగా వచ్చాయి. మొదటి సంపుటంలో 46వ అధ్యాయానికి పేరే ‘రాచెట్, పాల్’. అందులో ఆయన అడిగిన ప్రశ్న ఇది. గాలిలోని అణువులు అన్ని వైపుల నుంచీ అడ్డదిడ్డంగా తాకుతుంటే ఒక బుల్లి రెక్క అటూ ఇటూ వణుకుతూ ఉంటుంది. దాని ఇరుసుకి రాచెట్ బిగిస్తే వెనక్కి పోయే వణుకులని ఆపేసి, ముందుకి పోయేవాటిని మాత్రమే రానిస్తుంది కదా. అలాగైతే ఇంధనమే లేకుండా, కేవలం గాలి వేడితో ఒక బరువుని పైకి లాగవచ్చా? లాగలేం. ఎందుకంటే అదే వేడిలో ఉన్న పాల్ కూడా వణుకుతుంది. అప్పుడప్పుడూ తనంతట తనే లేస్తుంది, లేచిన క్షణంలో చక్రం వెనక్కి జారుతుంది. ముందుకి ఎంతో వెనక్కీ అంతే. చివరికి మిగిలే కదలిక సున్నా.

ఈ వాదనలో మన పానాకి పనికొచ్చే ఒక మెట్టు ఉంది. పన్ను దాటి సందులో పడిన పాల్ అక్కడే ఆగాలి. ఆగాలంటే పడేటప్పుడున్న శక్తిని అది పోగొట్టుకోవాలి. పోగొట్టుకోకపోతే పైకీ కిందికీ ఎగురుతూనే ఉంటుంది, ఆ ఎగిరినప్పుడల్లా చక్రం పట్టు తప్పుతుంది. కాబట్టి ఒకవైపే తిరగడమనే గుణం ఉచితంగా రాదు. ప్రతి పంటి దగ్గరా కొంత శక్తి శబ్దంగానూ వేడిగానూ ఖర్చయిపోవాలి. మన పానాలో ఆ ఖర్చు భరించేది మన చెయ్యి. స్ప్రింగు గట్టిదైతే పాల్ గట్టిగా పడుతుంది, కానీ పానాని వెనక్కి తిప్పేటప్పుడు ఎక్కువ అడ్డుపడుతుంది. నట్టు సగం వదులయ్యాక ఈ అడ్డే ఇబ్బంది పెడుతుంది. పానాని వెనక్కి తెస్తుంటే నట్టు కూడా దాంతోపాటే వెనక్కి తిరిగివస్తుంది, ఎంతసేపు తిప్పినా అక్కడే ఉంటుంది. చవక రాచెట్లలో మెకానిక్కులని ఎక్కువగా విసిగించేది నా ఉద్దేశంలో విరగడం కన్నా ఇదే.

పంటి లెక్క

పళ్లు ఎక్కువుంటే మంచిదని పెట్టె మీది అంకె చెబుతుంది. అది సగం నిజం. 24 పళ్లుంటే 15 డిగ్రీలు, 36 ఉంటే 10, 72 ఉంటే 5, 120 ఉంటే 3 డిగ్రీలకి ఒకసారి పట్టు దొరుకుతుంది. 15 నుంచి 5కి రావడం పెద్ద మార్పు, ఇరుకులో అసాధ్యమైన పని సాధ్యమవుతుంది. 5 నుంచి 3కి వచ్చినప్పుడు మన 15 సెంటీమీటర్ల పిడి చివర మిగిలేది అర సెంటీమీటరు మాత్రమే. ఆ అర సెంటీమీటరు కోసం లోపల ఏం వదులుకున్నారో లెక్కవేద్దాం.

చిన్న రాచెట్ పానాలో పళ్ల చక్రం అడ్డుకొలత 20 మిల్లీమీటర్లనుకోండి. చుట్టుకొలత సుమారు 63 మిల్లీమీటర్లు. 36 పళ్లయితే ఒక్కో పంటికి 1.7 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. 72 అయితే 0.9 కన్నా తక్కువ, 120 అయితే సుమారు అర మిల్లీమీటరు. ఇప్పుడు బలం సంగతి. 15 సెంటీమీటర్ల పిడి చివర 20 కిలోల బరువుతో నొక్కామనుకుందాం. చక్రం కేంద్రం నుంచి పళ్ల దూరం ఒక్క సెంటీమీటరే. తులాదండ సూత్రం ప్రకారం పళ్ల మీద పడే భారం పదిహేనింతలు, అంటే 300 కిలోలు. మిల్లీమీటరు కూడా లేని పళ్లు కొన్ని కలిసి ఆ భారాన్ని మోస్తున్నాయి. బోల్టు కదలడం లేదని పిడికి 45 సెంటీమీటర్ల పైపు తొడిగితే అదే చేతి బలం పళ్ల దగ్గర 900 కిలోలవుతుంది. పానా ఎందుకు పాడయిందని దుకాణంలో జరిగే వాదనల్లో చాలావాటికి జవాబు ఈ గుణకారంలోనే ఉంది.

పన్ను సన్నబడిన కొద్దీ భారాన్ని ఎక్కువ పళ్ల మీదికి పంచాలి. అందుకే మంచి రాచెట్లలో పాల్‌కి ఒక్క కొన ఉండదు. చక్రం వంపుకి సరిపోయేలా చెక్కిన ఆరేడు పళ్లు వరుసగా ఉంటాయి. అవన్నీ ఒకేసారి ఆనితేనే భారం పంచుకున్నట్టు. చెక్కడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండు మూడు పళ్లే మొత్తం మోస్తాయి, మిగతావి తాకుతున్నట్టు కనిపిస్తాయంతే. చవక పానాకీ ఖరీదైన పానాకీ అసలు తేడా కంటికి కనిపించని ఈ చోటులోనే ఉంటుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది. చక్రానికి 60 పళ్లే ఉంచి, రెండు పాల్‌లని అర పన్ను తేడాతో అమరుస్తారు. ఒకటి పట్టుకోనప్పుడు రెండోది పట్టుకుంటుంది కాబట్టి పెట్టె మీద 120 అని వేయవచ్చు, పళ్లు మాత్రం లావుగానే ఉంటాయి. అయితే ఏ క్షణంలోనైనా భారం మోసేది రెండింటిలో ఒక్క పాలే.

ఇక దుమ్ము. సన్న ఇసుక రేణువు కూడా పావు మిల్లీమీటరు దాకా ఉండవచ్చు. అర మిల్లీమీటరు పళ్ల మధ్య అలాంటిది ఒక్కటి చేరినా పాల్ అడుగుదాకా దిగదు, పళ్ల కొనలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ స్థితిలో గట్టిగా లాగితే కొనలు చిట్లుతాయి. రోడ్డు పక్క షెడ్డులో, నేల మీద కూర్చుని పనిచేసే మన మెకానిక్కులకి ఇది రోజూ ఎదురయ్యే సంగతి. తక్కువ డబ్బుతో కొనేవాళ్లు 72 పళ్ల దగ్గర ఆగిపోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ 72 పళ్ల రింగు పానా ఇంతగా పాకడానికి ఒక చరిత్ర ఉంది. 1990ల మధ్యలో అమెరికాలో గేర్‌రెంచ్ పేరుతో 5 డిగ్రీల రాచెట్ పానాలు మార్కెట్లోకి వచ్చాయి. అంతకుముందు రింగులో రాచెట్ పెడితే తల లావై ఇరుకులో దూరేది కాదు. మామూలు రింగు పానాకి దగ్గరగా ఉండే సన్నని తలలో ఇంత సన్నటి పళ్లు ఇమిడించడం వాటి ప్రత్యేకత. పేటెంటుకి ఎక్కడైనా గడువుంటుంది, సాధారణంగా దరఖాస్తు నుంచి 20 ఏళ్లు. ఆ తర్వాత ఎవరైనా చేయవచ్చు. తైవాన్‌లోనూ చైనాలోనూ మన దేశంలోనూ ఇప్పుడు అదే నమూనా రకరకాల పేర్లతో దొరుకుతోంది. ధర దిగింది కూడా అందుకే. చవకైన ప్రతిదీ నాసిరకమనుకోవడం పొరపాటు. పాత పేటెంటు బరువు దిగిపోయిన వస్తువు న్యాయంగానే చవకవుతుంది.

అంగట్లో

పిడి మీద ‘క్రోమ్ వెనేడియం’ అని చెక్కి ఉంటే ఉక్కులో ఏయే లోహాలు కలిపారో తెలుస్తుంది, అంతకుమించి తెలియదు. క్రోమియం వల్ల ఉక్కు లోతుదాకా గట్టిపడుతుంది. వెనేడియం దాని రేణువులని సన్నగా ఉంచుతుంది, దానివల్ల దెబ్బకి ఓర్చుకునే గుణం వస్తుంది. కానీ ఆ ఉక్కుని ఎంత వేడిచేసి, ఎంత త్వరగా చల్లార్చి, మళ్లీ ఎంత వేడి దగ్గర పదును దించారన్న దాని మీదే పానా గుణం ఆధారపడుతుంది. పదును మరీ ఎక్కువైతే గాజులా పుటుక్కుమంటుంది, తక్కువైతే మూలలు అరిగి బోల్టు తలని గుండ్రంగా చేసేస్తుంది. ఒకే ఉక్కు, ఒకే పేరు, రెండు కొలుముల నుంచి రెండు రకాల పానాలు. ఈ సంగతి పెట్టె మీద ఎవరూ రాయరు.

రాయనిదాన్ని చేతులతో కొంతవరకు కనుక్కోవచ్చు. రింగులో వేళ్లు పెట్టి పట్టుకుని పిడిని మెల్లగా వెనక్కి తిప్పాలి. వేళ్లు దాంతో పాటు తిరిగిపోతుంటే స్ప్రింగు మరీ గట్టిది, నట్టు కూడా అలాగే తిరిగిపోతుంది. తర్వాత ముందుకి తిప్పి, పట్టు దొరికాక అటూ ఇటూ కదిపితే ఎంత వదులుందో తెలుస్తుంది. చక్రం చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ ప్రతి టిక్కూ ఒకేలా వినిపిస్తుందో లేదో చూడాలి. ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా వినిపించే చక్రం సరిగ్గా చెక్కింది కాదు. క్రోమ్ పూతలో పొక్కులు కనిపిస్తే కొనకూడదు. ఊడిన పూత పెచ్చు అంచు బ్లేడులా కోస్తుంది.

రెండు రకాల మధ్య ఎంచుకోవాల్సి వస్తుంది. పానా తిరగేస్తే దిశ మారే సాదా రకం ఒకటి, చిన్న మీటతో దిశ మార్చే రకం ఒకటి. సాదా రకం తల సన్నగా ఉంటుంది, ధర తక్కువ, పాడయ్యే భాగాలూ తక్కువ. కానీ దాంట్లో ఒక ఉచ్చు ఉంది. ఛాసిస్‌కి ఎదురుగా ఉన్న బోల్టుని విప్పుతుంటే అది బయటికి వస్తూ వస్తూ పానా తలని ఎదుటి రేకుకి అదిమేస్తుంది. ఇప్పుడు పానాని తీయడానికి సందు లేదు. బోల్టుని మళ్లీ లోపలికి బిగిద్దామంటే పానా ఆ వైపు పట్టదు, తిరగేద్దామంటే బయటికి రాదు. మీట ఉన్న రకంలో దిశ మార్చి రెండు చుట్లు బిగిస్తే బయటపడవచ్చు. ఇంజన్ పని ఎక్కువగా చేసేవాళ్లు 10, 12, 14 కొలతల్లో మీట రకం కొనుక్కుని, మిగతావి సాదాగా ఉంచుకుంటే డబ్బు కలిసివస్తుంది.

కొలతల విషయంలో కూడా పెద్ద పెట్టెకి ఆశపడకూడదు. 8 మిల్లీమీటర్ల మరకి జపాన్ పద్ధతిలో తల 12, యూరప్ పద్ధతిలో 13. 10 మిల్లీమీటర్ల మరకి జపాన్ వాళ్లది 14, అటువైపు 16 లేదా 17. మీ చేతికి ఎక్కువగా వచ్చే బళ్లు ఏవో చూసుకుంటే నాలుగైదు పానాలే రోజంతా తిరుగుతున్నాయని తెలుస్తుంది. వంద ముక్కల చవక పెట్టె బదులు ఆ నాలుగైదింటిని విడిగా, మంచివి కొనడం మేలు. 13 పానా 12 తలకి కూడా పడుతుంది కదా అని వాడితే మాత్రం బోల్టు మూలలు పోతాయి.

ఏది కొన్నా, బిగుసుకుపోయిన బోల్టుని మొదట కదిలించే పని రాచెట్‌తో చేయకూడదు. మామూలు రింగు పానాతో పావు చుట్టు కదిలించి, ఆ తర్వాత రాచెట్ అందుకోవాలి. బోల్టు పట్టు వదిలేదాకా కావాల్సింది బలం, వదిలాక కావాల్సింది వేగం. రాచెట్ పుట్టింది వేగం కోసం.

హామీ ఎవరి ఆయుష్షు?

చేతి పనిముట్లకి జీవితకాలపు హామీ అన్న ఆలోచనని ఇంటింటి మాటగా మార్చింది అమెరికాలోని సియర్స్ సంస్థ. క్రాఫ్ట్స్‌మన్ పేరుని అది 1927లో నమోదు చేసుకుంది. ఆ పేరున్న పానా విరిగితే దుకాణానికి తీసుకెళ్లి ఇస్తే చాలు, కొత్తది ఇచ్చేవారు. తండ్రి కొన్న పానా కొడుకు మార్చుకున్న కథలు అక్కడ కొల్లలు. రాచెట్ల విషయంలో మాత్రం చాలాసార్లు కొత్తదానికి బదులు లోపలి భాగాలు మార్చి బాగుచేసినది చేతికిచ్చేవారు.

ఆ సంస్థ గురించే ఇంకో కథ ఉంది. సియర్స్ దుకాణంలో పనిచేసే పీటర్ రాబర్ట్స్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, రాచెట్ వెనక బొత్తాం నొక్కితే, బోల్టు తలకి తొడిగే గిన్నెలాంటి సాకెట్ దాన్నుంచి ఊడివచ్చే ఏర్పాటు కనిపెట్టాడు. అంతవరకు జిడ్డు చేతులతో సాకెట్ పీకడం పెద్ద పని. 1965లో పేటెంటు వచ్చింది. దానికి పెద్దగా గిరాకీ ఉండదన్న అభిప్రాయం అతనికి కలిగించి, 10 వేల డాలర్లకి మించకుండా చెల్లించేలా సియర్స్ హక్కులు తీసుకుంది. తర్వాత అలాంటి రాచెట్లు లక్షల సంఖ్యలో అమ్ముకుంది. రాబర్ట్స్ 1969లో కోర్టుకెక్కాడు. వ్యాజ్యం ఇరవై ఏళ్లు నడిచి, 1989లో 82 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. కొనేవాడికి జన్మంతా హామీ ఇచ్చిన సంస్థే తన గుమాస్తాతో అలా నడుచుకుంది. హామీని ఔదార్యంగా కాకుండా లెక్కగా చూడాలని ఈ కథ నాకు చెబుతుంది.

ఆ లెక్క కష్టమైనది కాదు. ఒక కంపెనీ వెయ్యి మామూలు పానాలు అమ్మితే పది విరిగి వెనక్కి వస్తాయనుకుందాం. ఒక్కోటి తయారు చేయడానికి అమ్మకపు ధరలో మూడో వంతు ఖర్చవుతుందనుకుందాం. అలాగైతే వంద రూపాయల పానా మీద జీవితకాలపు హామీ ఖర్చు 33 పైసలు. కదిలే భాగమే లేని ఉక్కు ముక్క చాలామంది చేతుల్లో ఎప్పటికీ విరగదు. విరిగినా కొందరే తిరిగి తెస్తారు. రాచెట్ అలా కాదు. అందులో పళ్లు రాపిడికి అరుగుతాయి, స్ప్రింగు అలసిపోతుంది. వాడిన కొద్దీ పాడయ్యే అవకాశం పెరుగుతుంది. అందుకే హామీ కాగితాల్లో చిన్న అక్షరాలు ఎక్కువగా రాచెట్ల దగ్గరే కనిపిస్తాయి. సహజమైన అరుగుదలకి వర్తించదు, వృత్తిపరంగా వాడితే వర్తించదు, పైపు తొడిగితే వర్తించదు, లోపలి భాగాలు మాత్రమే ఇస్తాం. ‘జీవితకాలం’ అంటే కొన్నవాడి జీవితం అని కూడా చాలాచోట్ల ఉండదు. పనిముట్టు సహజంగా ఎంతకాలం పనిచేయాలో అంతకాలం అని ఉంటుంది, దాన్ని తేల్చేది కంపెనీయే.

మరి హామీకి విలువ లేదా? ఉంది, అదెక్కడ ఉందో జార్జ్ అకెర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో చూపించాడు. అమ్మేవాడికి సరుకు గుణం తెలిసి, కొనేవాడికి తెలియనప్పుడు మంచి సరుకుకీ చెడ్డ సరుకుకీ ఒకే ధర పలుకుతుంది. ఆ ధరకి మంచిది అమ్మేవాడు నష్టపోయి తప్పుకుంటాడు, చివరికి బజారులో చెడ్డదే మిగులుతుంది. పాత కార్లతో మొదలైన ఆ వ్యాసంలో మన దేశపు బజారు బియ్యం ప్రస్తావన కూడా ఉంది. బియ్యం రంగులోనే ఉండే రాళ్లని కావాలని కలిపితే గృహిణులు ఒక్కొక్కటీ ఏరుకోవాల్సి వస్తోందని ఆయన గమనించాడు. 1967-68లో ఆయన ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాడు. ఈ కృషికే 2001లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఇలాంటి బజారులో నమ్మకాన్ని నిలబెట్టే ఏర్పాట్లలో హామీని ఆయన ముందే లెక్కించాడు. నాసిరకం చేసేవాడికి హామీ ఖరీదవుతుంది, మంచిది చేసేవాడికి చవకవుతుంది. కాబట్టి హామీ ఇవ్వగలగడమే గుణానికి గుర్తు.

ఈ వాదన నిలవాలంటే ఒక షరతు ఉంది. విరిగిన పానా పట్టుకుని వెళితే మార్చి ఇచ్చే మనిషి ఉండాలి. ఎక్కడో తయారై, ఆన్‌లైన్‌లో కొత్త కొత్త పేర్లతో కనిపించి మాయమయ్యే సరుకు మీద ‘లైఫ్‌టైమ్’ అని అచ్చు వేయడానికి సిరా ఖర్చు తప్ప మరేమీ కాదు. అది గుణానికి గుర్తు కాలేదు. పెద్ద సంస్థలకీ ఆయుష్షు ఉంటుంది. క్రాఫ్ట్స్‌మన్ పేరుని స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ కొంటున్నట్టు 2017లో ప్రకటన వచ్చింది, 2018 అక్టోబరులో సియర్స్ దివాలా దరఖాస్తు పెట్టింది. కొత్త యజమాని హామీని నిలబెట్టడం వల్ల పాత పానాలకి దిక్కు దొరికింది. అన్ని పేర్లకీ అలాంటి అదృష్టం పట్టదు.

అందుకే కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘వారంటీ ఎన్నేళ్లు’ అని కాదు. ఈ రాచెట్‌కి పాల్, స్ప్రింగు విడిగా దొరుకుతాయా అని అడగాలి. తల మీద చిన్న మరలో, ఊడదీయగల రింగో ఉంటే అది విప్పి బాగుచేసే వీలున్న పనిముట్టు. మొత్తం మూసేసి ఉంటే పారేయడమే. తర్వాత, పాడయితే ఎవరికివ్వాలని అడగాలి. నాసిక్, జలంధర్, లుధియానా లాంటి చోట్ల దశాబ్దాలుగా పనిముట్లు చేస్తున్న కంపెనీల సరుకు మన ఊళ్లలో డీలర్ల దగ్గర దొరుకుతుంది. వాటి హామీ కాగితం చిన్నదైనా, తలుపు తట్టడానికి ఒక చిరునామా ఉంటుంది. పదేళ్లుగా ఒకే చోట ఉన్న దుకాణదారుడి మాట నా దృష్టిలో పెట్టె మీది అక్షరాల కన్నా బరువైనది.

చట్టం ఏమంటుందో చాలామంది మెకానిక్కులకి తెలియదు. తెలియాలి. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేసి ఉంటే అక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. సరైన పరీక్ష చేయకుండా వస్తువు ఇంతకాలం మన్నుతుందని హామీ ఇవ్వడం కూడా అదే జాబితాలో ఉంది.

‘నువ్వు వ్యాపారం కోసం కొన్నావు కాబట్టి వినియోగదారుడివి కావు’ అన్న వాదన ఎదురవుతుంది. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవాళ్లని చట్టం పక్కన పెట్టిన మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునేవాళ్లని అందులోంచి స్పష్టంగా మినహాయించింది. చెట్టు కింద తన చేతులతో బళ్లు బాగుచేసుకునే మెకానిక్ చట్టం దృష్టిలో వినియోగదారుడే. ముందుగా 1915 నంబరుకి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దాంతో తేలకపోతే జిల్లా కమిషన్ ఉంది. తాను ఉండే చోటో, పనిచేసే చోటో ఫిర్యాదు వేయవచ్చు. వివాదం పుట్టిన రెండేళ్లలోగా వేయాలి. వస్తువుకి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. ఒక పానా కోసం కమిషన్ దాకా ఎవరూ వెళ్లరు, నిజమే. అయినా ఈ నిబంధనలు తెలిసి మాట్లాడే మనిషితో దుకాణదారుడు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. వేల రూపాయల సెట్ విషయంలో అయితే వెళ్లడానికీ వెనుకాడనక్కర్లేదు.

దేనికైనా బిల్లు కావాలి, ఇక్కడ రసాయనశాస్త్రం అడ్డొస్తుంది. మెషీన్‌లోంచి వచ్చే చాలా బిల్లుల్లో సిరా ఉండదు. కాగితం పూతలోనే రంగు పదార్థమూ దాన్ని నల్లబరిచే ఆమ్లమూ ఉంటాయి, వేడి తగిలిన చోట రెండూ కలిసి అక్షరమవుతుంది. నూనె, ఎండ, ప్లాస్టిక్ కవరులోని రసాయనాలు తగిలితే ఆ కలయిక విడిపోయి కాగితం మళ్లీ తెల్లబడుతుంది. షెడ్డులో, గ్రీజు చేతుల మధ్య అలాంటి బిల్లు కొన్ని నెలలు కూడా నిలవకపోవచ్చు. కొన్న రోజే దాన్నీ, పెట్టె మీద తయారీదారు చిరునామా ఉన్న పక్కనీ ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి.

పానా విరిగితే విరిగిన చోటుని తుడవకూడదు, గీకకూడదు, సానపట్టకూడదు. సాక్ష్యం అక్కడే ఉంటుంది. విరిగిన ముఖంలో కొంత భాగం ముందునుంచే నల్లగానో తుప్పు రంగులోనో ఉండి, మిగతాది కొత్తగా మెరుస్తుంటే ఆ నల్లటి చోట ముందే చీలిక ఉందన్నమాట. పదును పెట్టేటప్పుడు పడిన చీలికలోకి కొలిమి వేడి చొరబడితే లోపలి ముఖం అలా నల్లబడుతుంది. అది తయారీ లోపమని గట్టిగా అడగవచ్చు. నునుపైన ముఖం మీద అలల్లాంటి గీతలు వరుసగా ఉంటే, చాలాకాలంగా కొద్దికొద్దిగా పాకిన అలసట అది. పిడి మెలితిరిగి, ముఖం బొడిపెల్లా లేచి ఉంటే శక్తికి మించి లాగారు. పిడి మీద పైపు అంచు గాట్లున్నా అదే అర్థం, దుకాణదారుడు ముందు చూసేదీ అవే గాట్లు. వాటిని దాచి హామీ అడగడం న్యాయం కాదు. అలా అడిగేవాళ్లు ఎక్కువైతే న్యాయమైన ఫిర్యాదుతో వచ్చినవాడిని కూడా ఎవరూ నమ్మరు.

పళ్లు జారుతున్న ప్రతి రాచెట్ విరిగినట్టు కాదు. చాలావాటిలో జరిగింది ఒక్కటే, లోపల పాత గ్రీజు, దుమ్ము కలిసి ముద్దయి ఉంటాయి. ఆ ముద్దలో పాల్ ఆలస్యంగా దిగుతుంది, దిగేలోపే చెయ్యి లాగేస్తుంది. విప్పే ముందు పానాని ఒక పలుచటి సంచిలో పెట్టి, సంచిలోనే మర తీస్తే స్ప్రింగు ఎగిరిపోదు. భాగాలు ఉన్న వరుసని ఫొటో తీసి, కిరసనాయిలులో కడిగి, పాల్ పళ్లు చిట్లాయేమో భూతద్దంతో చూడాలి. చిట్లకపోతే ఆరబెట్టి, కుట్టుమిషన్‌కి వాడే పలుచటి నూనె రెండు చుక్కలు వేసి బిగిస్తే సరిపోతుంది. మందపాటి గ్రీజు పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. పాల్ పళ్లు చిట్లి ఉంటే దాన్నీ స్ప్రింగునీ కలిపే మార్చాలి. చక్రం పళ్లు కూడా పోయి ఉంటే కొత్త పాల్ ఎక్కువ రోజులు నిలవదు, తల మొత్తం మార్చే సరంజామా దొరికితేనే ఆ పానా మీద డబ్బు పెట్టాలి.